అమ్మానాన్న మన దగ్గరికి వచ్చినప్పుడు: బయట చదువుకునే గుంటూరు, విజయవాడ పిల్లల అనుభవాలు

బ్రాడీపేట_అమ్మాయి
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. రెండేళ్ళుగా జర్మనీలో, ఆఖెన్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతున్నాను. ఇప్పుడు సెలవుకి ఇంటికి వచ్చాను. 2025 మే 20 నుంచి జూన్ 14 దాకా అమ్మా నాన్నా నా దగ్గర ఉండి వచ్చారు. వీధిలో ఎవరు కనిపించినా అమ్మని "జర్మనీ ఎట్లా ఉంది?" అని అడుగుతున్నారు. అమ్మ చెప్పేది పక్కన కూర్చుని వింటుంటే, నేను చూపించాననుకున్నది ఒకటి, వాళ్ళు చూసింది ఇంకొకటి అని తెలుస్తోంది. అందుకే రాస్తున్నాను. మీ అనుభవాలు కూడా చెప్పండి.

నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో 30 ఏళ్ళుగా లెక్కలు రాస్తారు. ఏడాదిలో ఆయనకి తీరిక దొరికేది మేలో యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడే. అందుకే ఆ నెలలో రమ్మన్నాను. అమ్మ ఎప్పుడూ విమానం ఎక్కలేదు. నాన్న ఒకసారి ఢిల్లీ వెళ్ళారు, అదీ రైల్లో.

వాళ్ళు రాకముందు నెల రోజులు నాకు నిద్ర పట్టలేదు. టికెట్లు, వీసా గురించి కాదు ఆ టెన్షన్. యూనివర్సిటీలో అసిస్టెంట్ పని చేస్తున్నానని ఇంట్లో చెప్పాను. మొదటి సెమిస్టర్‌లో నిజంగానే చేశాను. ఆ కాంట్రాక్టు అయిపోయాక ఒక బేకరీలో చేరాను. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున 4:30కి లేచి వెళ్ళాలి. ట్రేలు మోయడం, నేల తుడవడం, కౌంటర్‌లో నిలబడడం. ఆ పనంటే నాకు సిగ్గు లేదు. కానీ నన్ను చదువుకోమని పంపిన మనుషులకి ఆ మాట ఫోన్‌లో ఎట్లా చెప్పాలో తెలియక ఏడాదిన్నర దాచాను.

ఇంకో విషయం గది. మా ఫ్లాట్‌లో ముగ్గురం ఉంటాం. ఒక జర్మన్ అమ్మాయి, ఒక ఇరాన్ అమ్మాయి, నేను. నా గది 14 చదరపు మీటర్లు. వీడియో కాల్‌లో ఎప్పుడూ కిటికీ వైపే కూర్చుని మాట్లాడేదాన్ని, అటువైపు చెట్టు ఒకటి కనిపిస్తుంది కాబట్టి. ఇంటి ఓనర్‌ని, ఫ్లాట్‌లో ఇద్దరినీ ముందే అడిగి నా గది అమ్మావాళ్ళకి ఇచ్చాను. నేను తెనాలి నుంచి వచ్చిన ఒక ఫ్రెండ్ గదిలో పడుకున్నాను.

గది తలుపు తీయగానే అమ్మ అన్న మొదటి మాట: "ఇంతేనా తల్లీ, ఇందులోనేనా రెండేళ్ళు ఉంది?" నాన్న ఏమీ అనలేదు. మంచం కోళ్ళు గట్టిగా ఉన్నాయా లేదా అని చేత్తో ఊపి చూశారు.

మిగతాది రేపు రాస్తాను. అమ్మ అన్నానికి పిలుస్తోంది.

కృష్ణలంక_కుర్రాడు
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, నేను ఈ అక్టోబర్‌లో జర్మనీ వస్తున్నాను. బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ఏడాది ఖర్చుకి ముందే వేసి చూపించే ఖాతా) 11,904 యూరోలు వేయడానికే ఇంట్లో అందరం కిందా మీదా పడుతున్నాం. మా అమ్మ మాత్రం ఇప్పటినుంచే "నేనెప్పుడు రావాలి?" అంటోంది. పేరెంట్స్ వీసాకి ఏమేం కావాలో చెప్తావా? మనమే స్పాన్సర్ చేయాలా?

బ్రాడీపేట_అమ్మాయి
సోమవారం, ఉదయం 7:15

తమ్ముడూ, స్టూడెంట్‌కి ఆ స్పాన్సర్ పత్రం దొరకడం కష్టం. మనం ఉండే ఊరి ఫారినర్స్ ఆఫీసులో ఇస్తారు, 29 యూరోలు ఫీజు. కానీ వచ్చేవాళ్ళ ఖర్చంతా మనం భరిస్తామని ప్రభుత్వానికి రాసివ్వడం అది. దానికి తగిన ఆదాయం చూపించాలి, బేకరీ జీతం సరిపోదు. అందుకని నాన్న సొంత డబ్బు మీదే అప్లై చేశారు. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు, డిపాజిట్లు, కమిషన్ కొట్టు ఓనర్ గారిచ్చిన సెలవు ఉత్తరం, అమ్మ పేరు మీదున్న పొలం కాగితాలు పెట్టాం. నేను ఆహ్వానం ఉత్తరం, నా రెసిడెన్స్ పర్మిట్ కాపీ, కాలేజీ సర్టిఫికెట్ పంపాను.

వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీస్ చార్జీ వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. ఉండడం మాత్రం ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులు దాటకూడదు. వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్ళాలి. అమ్మావాళ్ళు రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగి, పని చూసుకుని, సాయంత్రం మళ్ళీ బస్సెక్కారు.

కాగితాలన్నిట్లోనూ నాన్న ఎక్కువ ఇబ్బంది పడింది సెలవు ఉత్తరం దగ్గర. "30 ఏళ్ళలో నా సెలవు గురించి ఎవరూ ఉత్తరం అడగలేదమ్మా" అన్నారు. వీసా ఇచ్చేవాళ్ళు చూసేది ముఖ్యంగా ఒకటే, వీళ్ళు తిరిగి వెళ్తారా లేదా అని. తిరిగి రావడానికి ఇక్కడ ఏమున్నాయో అవన్నీ కాగితాల్లో కనపడాలి. ఇల్లు, పని, పొలం, పెళ్ళి కావాల్సిన మా చెల్లి, అన్నీ రాశాం.

మొగల్రాజపురం_అక్క
సోమవారం, ఉదయం 11:30

ఇది చదివి పని మానేసి కూర్చున్నాను. ఆ కిటికీ వైపు కూర్చుని మాట్లాడడం నేనూ చేశాను.

నేను డాలస్ దగ్గర చదువుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటూ అక్కడే ఉంటున్నాను. నా రెండో ఏడాదిలో అమ్మావాళ్ళు వచ్చారు. మీ ఊళ్ళో బస్సు, రైలు ఉన్నాయి. మాకు కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. నాకు అప్పటికి కారు లేదు. పొద్దున నేను క్లాసుకి వెళ్తే సాయంత్రం దాకా ఇద్దరూ అపార్ట్‌మెంట్‌లోనే. మా అమ్మ విజయవాడలో పొద్దున్నే లేచి కనకదుర్గమ్మ కొండ వైపు ఒక దండం పెట్టి, పాలవాడితో, కూరగాయల బండి అతనితో, పక్కింటి పిన్నితో మాట్లాడి, అప్పుడు కాఫీ తాగే మనిషి. అక్కడ వారం రోజులు ఇంట్లో నాన్నతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. ఎనిమిదో రోజు నేను వచ్చేసరికి బాల్కనీలో కూర్చుని ఏడుస్తోంది. నాకది ముందే తట్టాల్సింది. టికెట్ దగ్గర నుంచి బట్టల దాకా అన్నీ ఆలోచించాను కానీ, పగలంతా వాళ్ళేం చేస్తారన్నది ఆలోచించలేదు.

తర్వాత అదే కాంప్లెక్స్‌లో మనవళ్ళని చూసుకోవడానికి వచ్చిన ఇద్దరు తెలుగు ఆంటీలని వెతికి పట్టుకున్నాను. సాయంత్రాలు నలుగురూ నడకకి వెళ్ళేవాళ్ళు. అప్పటినుంచి అమ్మ మనిషైంది. వాళ్ళు రాకముందే ఇట్లాంటి తోడు ఎవరున్నారో చూసి పెట్టుకోండి.

ఇక మందుల సంగతి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాన్న బీపీ మాత్రలు నెలకే తెచ్చుకున్నారు. అయిపోయాయి. స్ట్రిప్ మీదున్న కంపెనీ పేరు అక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియదు, పైగా అక్కడి డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. రెండ్రోజులు మాత్ర పడలేదు, మూడో రోజు కళ్ళు తిరిగి పడిపోయారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. మనిషికి ఏమీ కాలేదు, దేవుడి దయ. బిల్లు మాత్రం ఇన్సూరెన్స్ వాళ్ళు కట్టలేదు. బీపీ ముందునుంచీ ఉంది కాబట్టి వర్తించదన్నారు. అకస్మాత్తుగా ముదిరితే ఇస్తామని పాలసీలో ఒక మాట ఉంది, కానీ ఏది అకస్మాత్తు, ఏది కాదు అన్నది తేల్చేది వాళ్ళే. ఆ అప్పు తీర్చడానికి నాకు 11 నెలలు పట్టింది.

అందుకని ఉండే రోజులకి సరిపడా, పైన ఇంకో రెండు వారాలకి మందులు తెచ్చుకోవాలి. చేతి సంచిలో పెట్టుకోవాలి, పెద్ద పెట్టెలో కాదు. డాక్టర్ చేత మందు అసలు పేరు రాయించుకోవాలి, కంపెనీ పేరు కాకుండా. అమెరికా వచ్చేవాళ్ళకి ఇంకొకటి. వీసా పదేళ్ళకి ఇచ్చినా, దిగిన ప్రతిసారీ ఎన్నాళ్ళు ఉండొచ్చో ఐ-94 అనే ఎంట్రీ రికార్డులో తేదీ ఉంటుంది, మామూలుగా 6 నెలలు. ఆ తేదీ చూసుకోండి.

గవర్నర్‌పేట_77
సోమవారం, మధ్యాహ్నం 2:10

అందరూ బాగా రాస్తున్నారు. కానీ నా మనసులో ఉన్నది చెప్పాలి. కొంచెం కటువుగా ఉంటే మన్నించండి. నేను ఐర్లాండ్‌లో చదువుతున్నాను. మా ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. లోన్‌కి నెలనెలా వడ్డీ పెరుగుతోంది. ఈ పరిస్థితిలో ఇద్దరికి టికెట్లు, వీసాలు, తిరగడాలు అంటే లక్షల్లో మాట. ఆ డబ్బు అసలుకి కడితే ఎంతో తగ్గుతుంది. కాగితాలు బయటికి వచ్చేదాకా మా అమ్మని రమ్మనను. ఉద్యోగం వచ్చాక దర్జాగా తీసుకెళ్ళొచ్చు. చదువుకునేటప్పుడే పిలవడం నాకు సరిగ్గా అనిపించదు.

పటమట_మాస్టారు
సోమవారం, సాయంత్రం 6:45

గవర్నర్‌పేట బాబూ, నీ లెక్కలో తప్పు లేదు. ఇల్లు తాకట్టులో ఉన్న కొడుకు అట్లాగే ఆలోచించాలి. ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. కాగితాలు బయటికి వచ్చేనాటికి మీ అమ్మగారి మోకాళ్ళు ఎట్లా ఉంటాయి? నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఈ లెక్క మాత్రం నాకు తప్పింది. మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో చదివేటప్పుడు మొదటి ఏడాదే రమ్మన్నాడు. "వద్దురా, ఖర్చు" అని మూడేళ్ళు వాయిదా వేశాను. మేం వెళ్ళేసరికి మా ఆవిడ గంట నడిస్తే రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది.

తల్లిదండ్రుల వైపు నుంచి ఒకటి చెప్తాను, పిల్లలు వినాలి. మా అబ్బాయి మాకోసం టైమ్‌టేబుల్ వేశాడు. పొద్దున 8కి ఇది, 11కి అది, రాత్రి 7కి ఇంకోటి. పాపం, వాడి ప్రేమ అది. ఎక్కమన్నది ఎక్కాం, దిగమన్నచోట దిగాం. ఫోటోలు తీసుకున్నాం. పదో రోజు వాడికి పరీక్ష వచ్చింది. "ఈరోజు ఇంట్లో ఉండండి, లేకపోతే సిటీ మధ్యలో ట్రామ్ ఉచితం, అందులో తిరగండి" అని కాగితం మీద బొమ్మ గీసిచ్చాడు. ఇద్దరం భయపడుతూనే బయల్దేరాం. ట్రామ్ ఎక్కాం. ఒక చుట్టు అయ్యింది. దిగలేదు. ఇంకో చుట్టు. మూడో చుట్టులో మా ఆవిడ "ఏవండీ, ఇక్కడ దిగుదాం, ఆ పార్కు బాగుంది" అంది. దిగాం. బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. ఎవరో పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు, ఆయనకీ పెట్టాం. మెల్‌బోర్న్ అంటే మాకు గుర్తున్నది ఆ రోజే.

ఇంకో సంగతి. ఆస్ట్రేలియా వెళ్ళేవాళ్ళు తినే వస్తువులు ఏమున్నా దిగేటప్పుడు ఇచ్చే కార్డులో రాయాలి. మా ఆవిడ అమ్మవారి గుళ్ళో ఇచ్చిన కొబ్బరిచిప్ప, పూలు సంచిలో పెట్టుకుంది. కార్డులో ఉన్నాయని రాశాం కాబట్టి అధికారి తీసేసుకుని మర్యాదగా పంపించాడు. రాయకుండా దొరికితే జరిమానా. కుంకుమ మాత్రం తిరిగి ఇచ్చాడు.

బ్రాడీపేట అమ్మాయీ, మిగతాది రాయమ్మా. నాన్నగారికి బేకరీ సంగతి ఎట్లా తెలిసింది?

బ్రాడీపేట_అమ్మాయి
సోమవారం, రాత్రి 9:50

మాస్టారు గారూ, రాస్తున్నాను. ముందు గవర్నర్‌పేట గారికి.

మాకూ లోన్ ఉంది. ఖర్చు ఎంతైందో నాకంటే నాన్నకే బాగా తెలుసు. ఆయన రోజూ రాత్రి పద్దు రాయకుండా పడుకోరు. జర్మనీకి కూడా ఆ పుస్తకం తెచ్చుకున్నారు. బస్సు టికెట్, పాలు, టమాటాలు, అన్నీ యూరోల్లో ఒక వరస, రూపాయల్లో ఒక వరస. టికెట్లు, వీసాలు ఆయన పెట్టుకున్నారు. అక్కడి ఖర్చు నేను పెట్టుకున్నాను. గది అద్దె ఎట్లాగూ కట్టేదే, వంట ఇంట్లోనే. జూన్ నెలకి ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకున్నాను, 2025లో నెలకి 58 యూరోలు. లోకల్ రైళ్ళు, బస్సులు అన్నీ దాంతోనే. మీరు ఇప్పుడు వద్దనుకోవడం తప్పని నేను అనను. మా ఇంట్లో మాత్రం నాన్న, "లోన్ తీరాక నువ్వు ఆ గదిలో ఉండవుగా. నువ్వు చదువుకునే గది చూడాలి" అన్నారు.

వచ్చాక మొదటి వారం బాగా తిప్పాను. కొలోన్ చర్చి చూపించాను. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారంటే అమ్మ "ఆరొందల ఏళ్ళా!" అని తల ఎత్తి మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. మా ఊళ్ళో వేడినీటి ఊట ఉంది, గంధకం వాసన. మూడు దేశాలు కలిసేచోటుకి బస్సులో తీసుకెళ్ళాను. జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ ఒక్క రాయి దగ్గర కలుస్తాయి. నాన్న ఆ రాయి చుట్టూ రెండుసార్లు తిరిగి, "చెక్‌పోస్టే లేదు!" అన్నారు. 2017లో జీఎస్టీ రాకముందు మిర్చి లారీలు రాష్ట్రం సరిహద్దు దగ్గర రాత్రంతా ఆగిన రోజులు ఆయనకి గుర్తొచ్చాయి. అక్కడ కూర్చుని ఆ లారీల కథలు గంటసేపు చెప్పారు. ఆ కథలు నేనెప్పుడూ వినలేదు.

కానీ నాన్న రోజురోజుకీ మాట తగ్గించేశారు. గుంటూరులో నాజ్ సెంటర్ నుంచి యార్డు దాకా ఆయన్ని పలకరించని మనిషి ఉండడు. అక్కడ నీళ్ళ సీసా కొనాలన్నా నన్ను అడగాలి. రోడ్డు దాటాలన్నా నా వెనకే. నేను తొందరలో "నాన్నా, అట్లా కాదు, ఇటు రా" అని గట్టిగా అన్నాను రెండుసార్లు. చిన్నప్పుడు ఆయన నన్నెప్పుడూ అట్లా అనలేదు. ఆ రాత్రి నాకు చాలా బాధేసింది.

ఒకచోట మాత్రం నాన్న మళ్ళీ నాన్నలా కనిపించారు. మా వీధి చివర ఒక టర్కీ వాళ్ళ కొట్టు ఉంది. అక్కడ కారం పొడి బస్తాలో ఉంటుంది. నాన్న చిటికెడు తీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "బ్యాడిగి మిర్చిలాగా రంగే ఉంది, ఘాటు లేదు" అన్నారు. కొట్టాయన చూసి లోపల్నుంచి ఇంకో రకం తెచ్చాడు. నాన్న నాలిక మీద వేసుకుని తల ఊపారు. ఒకళ్ళ భాష ఇంకొకళ్ళకి రాదు. పావుగంట మాట్లాడుకున్నారు. మర్నాడు అమ్మ డబ్బాలోంచి మన తేజ కారం చిన్న పొట్లం కట్టించుకుని వెళ్ళి ఆయనకిచ్చి వచ్చారు. ఒక్కరే వెళ్ళారు.

బేకరీ సంగతి. వాళ్ళు వచ్చిన వారానికి చెప్పేశాను. వారం సెలవు అయిపోయింది, తెల్లవారకుండా ఎక్కడికి వెళ్తున్నానో చెప్పక తప్పలేదు. అమ్మ ఏడ్చింది. నాన్న "సరే తల్లీ" అన్నారు. అంతే. ఆ "సరే" ఏమిటో తెలియక నాలుగు రోజులు నలిగిపోయాను.

జూన్ 1, ఆదివారం. అక్కడ ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, బేకరీలు మాత్రం పొద్దున కొన్ని గంటలు తీస్తారు. అందుకని ఆ రోజు లైను ఎక్కువ. నేను కౌంటర్‌లో ఉన్నాను. ఒక్కొక్కరికీ "గూటెన్ మోర్గెన్", అంటే శుభోదయం, అని చెప్పి ఇస్తున్నాను. తల ఎత్తితే నాలుగో మనిషి నాన్న. పెళ్ళికి వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకున్నారు. లైను తప్పించి ముందుకి రాలేదు. నన్ను చూసి చెయ్యి ఊపలేదు. తన వంతు కోసం నిలబడ్డారు.

వంతు వచ్చింది. నేను చెప్పకముందే ఆయనే "గూటెన్ మోర్గెన్" అన్నారు. గసగసాలు చల్లిన బన్ను వైపు వేలు చూపించారు. ఒకటి. 85 సెంట్లు. రెండు యూరోల నాణెం ఇచ్చారు. నేను చిల్లర ఇస్తే లెక్క చూసుకుని జేబులో వేసుకున్నారు. "డాంకె" అని థాంక్స్ చెప్పారు. నా నోట మాట రాలేదు. వెనకున్న ముసలావిడ ఎదురుచూస్తోంది, అందుకని పని చేస్తూనే ఉన్నాను. ఆయన బయట బెంచీ మీద కూర్చుని బన్ను మొత్తం తిని, కాగితం మడిచి చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయారు.

రాత్రి పడుకునే ముందు అడిగారు, "పొద్దున ఎన్నింటికి లేస్తావు?" నాలుగున్నరకి అన్నాను. "సీజన్‌లో నేను యార్డుకి లేచేదీ అప్పుడే" అన్నారు.

మొగల్రాజపురం_అక్క
సోమవారం, రాత్రి 10:20

చెల్లీ, ఇంక నేను రాయలేను ఈరోజు.

కృష్ణలంక_కుర్రాడు
సోమవారం, రాత్రి 10:31

అక్కా, మా నాన్న ఆటో నడుపుతాడు, పండిట్ నెహ్రూ బస్టాండ్ దగ్గర. ఇది ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

తుళ్లూరు_వాడు
మంగళవారం, ఉదయం 8:40

అందరికీ నమస్తే. నేను లండన్‌లో ఉంటున్నాను. వీసా రాకపోవడం గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి కాబట్టి రాస్తున్నాను. అమ్మానాన్నకి మొదటిసారి రిజెక్ట్ అయ్యింది. తప్పు మాదే. అకౌంట్‌లో ఎక్కువ కనపడాలని అప్లై చేసే ముందు వారం మామయ్య 4 లక్షలు వేశాడు. ఆ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూపించలేదు కాబట్టి నమ్మలేమని రాసి తిప్పి పంపారు. విజిట్ వీసాకి అప్పీల్ లేదు, మళ్ళీ ఫీజు కట్టి అప్లై చేయడమే. ఆ ఉత్తరం చూసి నాన్న "మనం దొంగలమనుకున్నారా?" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది.

ఎనిమిది నెలలు ఆగి, ఉన్నది ఉన్నట్టు పెట్టాం. తక్కువే. కానీ పొలం కౌలు డబ్బు ఏటా ఎప్పుడు పడుతుందో, పాల డబ్బు ఎప్పుడు పడుతుందో అన్నీ స్టేట్‌మెంట్‌లో పెన్‌తో గుర్తులు పెట్టి ఒక పేజీ వివరణ రాశాం. వచ్చింది, 6 నెలలకి. చాలామంది కంగారు పడే ఇంకో విషయం చెప్తాను. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ చదివేవాళ్ళు భార్యాపిల్లల్ని డిపెండెంట్లుగా తెచ్చుకోవడానికి వీల్లేదు. అమ్మానాన్న చూడ్డానికి వచ్చే విజిటర్ వీసా వేరు. దానికీ దీనికీ సంబంధం లేదు.

వాళ్ళు వచ్చాక లండన్ బ్రిడ్జి, ప్యాలెస్ అన్నీ చూపించాను. "బాగుంది" అన్నారు. తర్వాత బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్ళాను, అక్కడ టికెట్ లేదు. 33ఏ అని ఒక గది ఉంది. అందులో మన అమరావతి స్తూపం రాళ్ళు అద్దం వెనక వరసగా ఉన్నాయి. తెల్లటి పాలరాయిలా ఉండే సున్నపురాయి, దాని మీద పద్మాలు, ఏనుగులు, స్తూపానికి దండం పెట్టే మనుషులు. 1797లో మెకంజీ అనే దొర మొదట చూశాడు. 1845లో ఎలియట్ తవ్వించాడు. 1859లో ఓడలో లండన్ చేరాయి. మా ఊరి నుంచి అమరావతి దగ్గరే. చిన్నప్పుడు అమరేశ్వరుడి గుడికి వెళ్ళినప్పుడల్లా ఆ మట్టి దిబ్బ చూసేవాళ్ళం. దిబ్బ మా దగ్గర ఉంది, దాని ఒంటి మీదున్న బొమ్మల్లో చాలా ఇక్కడ ఉన్నాయి.

అమ్మకి చదువు రాదు. కింద రాసింది నేను చదివి చెప్పాను. ఒక రాయి దగ్గర ఆగిపోయింది. అందులో ఆడవాళ్ళు కుండలు పట్టుకుని ఉన్నారు. అమ్మ చెప్పులు విప్పింది. గార్డు చూస్తున్నాడు. నేను "అమ్మా, ఇది గుడి కాదు" అనబోయి ఆగాను. ఆవిడ అద్దానికి చెయ్యి ఆనించి, దణ్ణం పెట్టుకుని, "మా కంటే ముందొచ్చారే మీరు" అంది ఆ రాతి ఆడవాళ్ళతో. ఎప్పుడైనా మన జిల్లా వాళ్ళు లండన్ వెళ్తే ఆ గదికి తప్పకుండా వెళ్ళండి. అక్కడ నిలబడితే కోపం, గర్వం రెండూ ఒకేసారి వస్తాయి. నాకిప్పటికీ అంతే.

పటమట_మాస్టారు
మంగళవారం, ఉదయం 9:15

తుళ్లూరు బాబూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

కృష్ణలంక_కుర్రాడు
మంగళవారం, ఉదయం 9:50

పచ్చళ్ళ గురించి ఒక డౌట్. ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా? నెయ్యి?

బ్రాడీపేట_అమ్మాయి
మంగళవారం, ఉదయం 10:30

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు పెద్ద పెట్టెలో పెట్టుకోవచ్చు. చేతి సంచిలో పచ్చడి వద్దు, నూనె ద్రవం కిందే లెక్క. కొట్లో గట్టిగా సీలు వేయించి, దాని మీద ఇంకో కవరు చుట్టి, మధ్యలో పాత చీర పెట్టమ్మా అంటే అమ్మ పెట్టింది. ఒక్క చుక్క కారలేదు. యూరప్‌కి మాంసం, పాలతో చేసినవి తేకూడదు, అంటే నెయ్యి, కోవా, కోడి, మేక పచ్చళ్ళు ఏవీ వద్దు. అమ్మ పెట్టిన నెయ్యి సీసా వీడియో కాల్‌లో చూసి తీయించాను. పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా తేకూడదు. ఎండబెట్టి పొడి కొట్టి తెచ్చింది.

పోపు పెట్టేటప్పుడు కిటికీ తీయాలి. అమ్మ మొదటి రోజు ఎండుమిరపకాయలు వేయగానే పొగ అలారం మోగింది. ఫ్లాట్‌లో ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మ భయంతో వణికిపోయింది. ఇరాన్ అమ్మాయి స్టూలెక్కి ఆపి, అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. వెళ్ళేరోజు అమ్మ ఆ పిల్లకి జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ ఇచ్చింది. ఆ పిల్ల జాకెట్టు ముక్కని గోడకి తగిలించుకుంది.

మే చివర్లో వెళ్తే ఇంకో విషయం. పొద్దు రాత్రి 9:30 దాటాక గూకుతుంది. అమ్మకి సంధ్య దీపం ఎప్పుడు పెట్టాలో తెలియలేదు. రెండు రోజులు ఆలోచించి, గుంటూరులో పెట్టే టైముకే, ఆరున్నరకి పెట్టింది.

గవర్నర్‌పేట_77
మంగళవారం, మధ్యాహ్నం 1:05

మాస్టారు గారు అడిగిన మోకాళ్ళ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. అమ్మకి 58. రాత్రి ఫోన్ చేసి, నడుస్తుంటే నొప్పి ఉందా అని అడిగాను. "ఎందుకు అడుగుతున్నావు?" అంది. లోన్ గురించి నా అభిప్రాయం అదే. కానీ ఇద్దరికీ కాకుండా అమ్మ ఒక్కదానికే రెండు వారాలకి ఎంతవుతుందో లెక్క వేస్తున్నాను.

లక్ష్మీపురం_అమ్మ
మంగళవారం, సాయంత్రం 5:30

అమ్మా బ్రాడీపేట అమ్మాయీ, నేను మీ అందరిలా రాయలేను, మా కోడలు టైప్ చేస్తోంది. మా చిన్నబ్బాయి జర్మనీలోనే వేరే ఊళ్ళో చదువుతున్నాడు. వచ్చే నెల 4న నేను ఒక్కదాన్నే వెళ్తున్నాను. మా వారు పోయి మూడేళ్ళయింది. నాకు ఇంగ్లీషు రాదు. దుబాయ్‌లో మారాలట. అందరూ వీల్‌చైర్ పెట్టించుకో అంటున్నారు. నాకు నడవడానికి ఇబ్బంది ఏమీ లేదు. పెట్టించుకోవచ్చా? ఇంకొకటి, మా వాడు తన గది ఫోటో ఎప్పుడూ పంపడు. నువ్వు రాసింది చదివించుకున్నాక, వెళ్ళాక వాడిని ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలియడం లేదు.

బ్రాడీపేట_అమ్మాయి
మంగళవారం, రాత్రి 8:40

ఆంటీ, నడవగలిగితే వీల్‌చైర్ వద్దు. అది కాళ్ళు నొప్పులున్నవాళ్ళకి కావాలి. దారి తప్పుతామని అందరూ అడగడంతో నిజంగా అవసరమైనవాళ్ళు గంటలు ఎదురుచూస్తున్నారు. నేను అమ్మకోసం ఒక కాగితం చేశాను. పైన తెలుగులో, కింద అదే మాట ఇంగ్లీషులో. "నేను ఈ విమానానికి వెళ్ళాలి. నాకు ఇంగ్లీషు రాదు. దయచేసి గేట్ చూపించండి." "నా పెట్టె రాలేదు." "మా అమ్మాయికి ఫోన్ చేయండి", కింద నా నంబర్. అమ్మ దాన్ని నాలుగుచోట్ల చూపించింది, నలుగురూ దారి చూపించారు. దిగాక ఇమిగ్రేషన్‌లో రిటర్న్ టికెట్, ఇన్సూరెన్స్, ఆహ్వానం ఉత్తరం, ఉండే అడ్రస్ అడగొచ్చు. నాలుగూ ఒకే ఫైల్‌లో పెట్టుకోండి, ఫోన్‌లో కాదు, ప్రింట్ తీయించి.

మీ లక్ష్మీపురం మాకు దగ్గరే కదా, మీకు విడిగా మెసేజ్ పెట్టాను. రేపు సాయంత్రం రండి. ఆ కాగితం అమ్మ దాచుకుంది, దాన్ని చూసి మీది రాద్దాం.

అబ్బాయిని ఏం అడగాలో నేను చెప్పలేను ఆంటీ. మా అమ్మ నన్ను ఏమీ అడగకుండా, మొదటి రోజు నా గిన్నెలన్నీ తీసి కడిగి, ఏది మాడింది, ఏది కొత్తది చూసింది. ఎన్ని రోజులు వండుకుంటున్నానో, ఎన్ని రోజులు లేదో దాంతోనే తెలిసిపోయింది ఆవిడకి. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయొచ్చని అక్కడ చట్టం. మీ అబ్బాయి ఏదో ఒక పని చేస్తూనే ఉంటాడు. తనంతట తను చెప్పేదాకా కొంచెం టైమివ్వండి.

లక్ష్మీపురం_అమ్మ
గురువారం, రాత్రి 9:10

నిన్న సాయంత్రం వెళ్ళాను. కాగితం రాసిచ్చింది అమ్మాయి, పెద్ద అక్షరాలతో, ప్లాస్టిక్ కవరులో పెట్టి. వాళ్ళమ్మగారు టిఫిన్ పెట్టారు. మాటల్లో మొత్తం ఎంత ఖర్చయిందని వాళ్ళ నాన్నగారిని అడిగాను, వచ్చే ఏడు మా కోడలిని, పెద్దవాడిని కూడా పంపాలని. ఆయన పద్దు పుస్తకం తెచ్చి చూపించారు. అప్పుడు అమ్మాయి లోపల కాఫీ కలుపుతోంది. పాలు, బస్సు, రైలు అన్నీ రాశారు. జూన్ 1 దగ్గర మిగతా వాటిలాగా రొట్టె అని ఊరికే రాయలేదు. "అమ్మాయి చేతి రొట్టె, 85 సెంట్లు" అని ఉంది. దాని పక్కన రూపాయల వరస ఖాళీగా వదిలేశారు. ఎందుకండీ ఇది మార్చలేదు అని అడిగితే పేజీ తిప్పేశారు.

బ్రాడీపేట_అమ్మాయి
గురువారం, రాత్రి 9:45

ఆంటీ, ఆ పుస్తకం నేనెప్పుడూ తెరిచి చూడలేదు. ఇప్పుడు పక్కగదిలో ఆయన ఈరోజు పద్దు రాసుకుంటున్నారు. 4న మీరు బయల్దేరేముందు ఒకసారి ఫోన్ చేయండి.